ట్రంకు కాలు నుండి ఈ-సిమ్ దాకా: పరదేశం నుంచి ఇంటికి మాట చేరిన కథ

(ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, బోరబండ)

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అని మన పెద్దలు అనేవారు. దారిలో దొంగలు, రోగాలు ఉండేవన్నది ఒక కారణమైతే, పోయినవాడు ఎక్కడున్నాడో, ఎట్లున్నాడో తెలిసే మార్గం లేకపోవడం అంతకన్న పెద్ద కారణమని నా అభిప్రాయం. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. దారి పొడుగునా ఆయన తన మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారికి రాసి పంపిన సంగతులే తర్వాత 'కాశీయాత్ర చరిత్ర' అయినవి. ఉత్తరం అందేనాటికి రాసిన మనిషి ఎన్నో మజిలీలు దాటిపోయి ఉండేవారు. అయినా పదిహేను నెలల పైచిలుకు ప్రయాణంలో ఆ మాత్రం కబురైనా పంపగలిగినవారు అరుదు.

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర రాయడానికి పండితులున్నారు. మన సభ్యులలో ఇంటికొకరు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, గల్ఫులోనో ఉన్నారు. ఏడాదికి ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ అన్నట్టు తిరుగుతున్నవాళ్లమూ ఉన్నాం. కావున పరదేశం పోయినవాడు ఇంటికి మాట ఎలా చేరవేశాడు, దానికి ఎంత చెల్లించాడు అన్నదే నేను ఎత్తుకున్నాను. ఇందులో నా కళ్లారా చూసినది కొంత, చదివి తెలుసుకున్నది కొంత.

నేను 1974లో ఎల్.డి.సి.గా చేరినప్పుడు మా కార్యాలయంలో ఉన్నవి రెండు టెలిఫోన్లు. డైరెక్టరుగారి గదిలోని ఫోనుకు డయలు మీద చిన్న తాళం ఉండేది. తాళంచెవి పి.ఎ. గారి దగ్గర. పై ఊరికి మాట్లాడాలంటే ట్రంకు కాలు బుక్ చేసి కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు తరగతులు. అర్జెంటుకు రెండింతలు, లైట్నింగుకు ఎనిమిదింతలు రుసుము. ఫలానా మనిషే పలకాలంటే పి.పి. కాల్ అని దానికి అదనం. ఆ వివరాలన్నీ ట్రంకు కాల్ రిజిస్టరులో ఎక్కించేది నేనే. లైట్నింగు కాల్ ఎక్కించాల్సి వచ్చిన రోజున ఎవరో పోయారనో, శాసనసభలో ప్రశ్న వచ్చిందనో అర్థం.

ఆపరేటరు లేకుండా నేరుగా డయలు చేసుకునే ఎస్.టి.డి. మన దేశంలో మొదట 1960లో కాన్పూరు, లక్నోల మధ్య వచ్చింది. విదేశానికి అలా నేరుగా చేసే ఐ.ఎస్.డి. 1976లో బొంబాయి, లండన్‌ల మధ్య మొదలయింది. ఇవి మనవంటి వారి అందుబాటులోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. విదేశీ కాల్స్ వ్యవహారమంతా ఓవర్సీస్ కమ్యూనికేషన్స్ సర్వీసు చేతిలో ఉండేది. 1986లో దానినే విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ చేశారు. 2002 దాకా దేశం దాటే ప్రతి మాటా ఆ ఒక్క సంస్థ గడప తొక్కి పోవలసిందే. పోటీ లేని చోట ధర ఎట్లుంటుందో మీకు చెప్పనక్కరలేదు.

మా తమ్ముడు 1981లో కువైట్ వెళ్లాడు. కార్ల మెకానిక్కు. అప్పట్లో కరీంనగర్, నిజామాబాదు జిల్లాల నుంచి గల్ఫు వెళ్లేవారి సంఖ్య పెరుగుతూ ఉంది. ఉత్తరం చేరడానికి రెండు, మూడు వారాలు. చదువురాని తల్లులకు ఉత్తరం కన్నా క్యాసెట్టు నచ్చేది. సెలవు మీద వచ్చే తోటివాడి చేతికి, మాటలు రికార్డు చేసిన క్యాసెట్టు ఇచ్చి పంపేవారు. జగిత్యాల దగ్గర మా ఊళ్లో మా అమ్మ ఆ క్యాసెట్టు పెట్టించుకుని, మధ్య మధ్యన "ఆఁ బిడ్డా" అని జవాబు చెప్పేది. వాడు వినడన్న సంగతి ఆమెకు తెలియదని కాదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి ప్రవేశించింది. ఫోన్లు పోయాయి, ఉత్తరాలు ఆగాయి, క్యాసెట్టు తెచ్చేవాడు లేడు. లక్షకు పైబడిన మనవాళ్లు అక్కడ చిక్కుకున్నారు. అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్‌గారు బాగ్దాదు వెళ్లి మాట్లాడారు. తర్వాత మనవాళ్లు బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరితే, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో బొంబాయి తెచ్చారు. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా 488 విమానాలు నడిచాయి. అప్పటికి అమ్మ మా దగ్గరే, బోరబండలోనే ఉంది. రోజూ రేడియోలో వార్తలు వినేది. మా తమ్ముడు ఉన్నాడో లేడో నలభై రెండు రోజులు మాకు తెలియదు. అమ్మ అడిగినప్పుడల్లా "లైన్లు బాగుచేస్తున్నారట" అని చెప్పేవాణ్ణి.

మా బస్తీలో అప్పటికి ఉన్నది ఒక్కటే పి.సి.ఓ. పచ్చటి బోర్డు మీద నల్లటి అక్షరాలు, లోపల అద్దాల అర, ఎర్రటి అంకెలు పరుగెత్తే మీటరు. ఈ బూతులు ఊరూరా రావడం వెనుక 1984లో స్థాపించిన సి-డాట్, శ్యాం పిట్రోడాగారి కృషి ఉన్నాయన్నది అందరెరిగినదే. వికలాంగులకు, మాజీ సైనికులకు, వితంతువులకు వాటిని ఇవ్వడంలో ప్రాధాన్యం ఉండేది. మా బూతు నడిపే ఆయన మాజీ సైనికుడే. ఒక రాత్రి పదిన్నరకు ఆయన కొడుకు పరుగెత్తుకొచ్చి, "సార్, బొంబాయి లైన్ల ఉన్నడు, జల్ది రండ్రి" అన్నాడు. నేను చెప్పులు కూడా వేసుకోలేదు.

"అన్నా, నేను బొంబాయిల దిగిన. అమ్మకు చెప్పు. పైసలు అయిపోతున్నయ్, పెట్టేస్తున్న."

అంతే. నిమిషం కూడా లేదు. ఆ నిమిషం విలువను ఏ టారిఫ్ పట్టికలోనూ చూపించలేరు. అయితే కాల్ ఖరీదు మాట్లాడే మాటలను ఎలా కత్తిరిస్తుందో ఆ రాత్రే నాకు తెలిసింది. నలభై రెండు రోజుల తర్వాత దొరికిన తమ్ముడు, ఎట్లున్నావు అని అన్న అడిగేలోగా ఫోను పెట్టేశాడు.

ఆ తర్వాతి పదేళ్లు బూతుల కాలం. రాత్రి పదకొండు దాటితే ఎస్.టి.డి. పావు రేటు గనుక అర్ధరాత్రి బూతు ముందు వరుసలు ఉండేవి. ఐ.ఎస్.డి. మాత్రం పెద్దవారి వ్యవహారం. నాకు గుర్తున్నంతలో అమెరికాకు నిమిషానికి యాభై రూపాయలకు పైమాటే. నా నెల జీతంలో రోజు కూలి లెక్క వేస్తే నాలుగైదు నిమిషాలకు మించి రాదు. అందుకే జనం తెలివి ఉపయోగించారు. అమెరికా చేరిన పిల్లవాడు ఇంటికి ఫోను చేసి, రెండు రింగులు మోగనిచ్చి పెట్టేస్తే క్షేమంగా చేరినట్టు. మూడు మోగితే బూతుకు వెళ్లి మాట్లాడాలన్నట్టు. ఎత్తని కాలుకు బిల్లు లేదు. విదేశం నుంచి పైసా ఖర్చు లేకుండా మాట్లాడే విద్యకు మూలపురుషుడు ఈ రెండు రింగులే. తర్వాత మిస్డ్ కాల్ అని పేరు పెట్టుకుని దేశమంతా వాడుకుంది.

మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసుగారు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రాంగారితో మాట్లాడారు. తర్వాత మన రాష్ట్రానికి టాటా సెల్యులార్, జె.టి. మొబైల్స్ వచ్చాయి. ఇవే చేతులు మారి ఒకటి ఐడియాలోను, మరొకటి ఎయిర్‌టెల్‌లోను కలిసిపోయాయి. ఆ రోజుల్లో చేసినవాడికే కాదు, ఎత్తినవాడికీ చార్జీ పడేది. ఇన్‌కమింగు ఉచితమైనది 2003 మే నుంచి. అంతకు కొద్ది నెలల ముందే రిలయన్సువారు రంగంలోకి దిగి, ఆ ఏటనే 501 రూపాయలకు ఫోను చేతికిచ్చారు. అది సి.డి.ఎం.ఎ. పద్ధతి. అందులో మార్చుకోదగిన సిమ్ ఉండేది కాదు గనుక దానితో విదేశీ ప్రయాణం లేదు.

సిమ్ అన్నది జి.ఎస్.ఎం. పద్ధతికి ప్రాణం. ఆ పద్ధతిలో మొదటి కాల్ 1991 జూలై 1న ఫిన్లాండులో జరిగింది. మరుసటి ఏడాదే అక్కడి టెలికాం సంస్థకు, ఇంగ్లండులోని వోడాఫోనుకు మధ్య మొదటి రోమింగు ఒప్పందం కుదిరింది. ఈ రోమింగు అంటే ఏమిటో మన భాషలో చెబుతాను. ఉద్యోగి ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు బదిలీ అయితే పాత ట్రెజరీవారు లాస్ట్ పే సర్టిఫికెట్ ఇస్తారు. ఎల్.పి.సి. చూడందే కొత్త ట్రెజరీ పైసా విడుదల చేయదు. సిమ్ కూడా ఎల్.పి.సి. వంటిదే. మీరు న్యూయార్కులో దిగి ఫోను తెరవగానే అక్కడి కంపెనీ హైదరాబాదులోని మీ కంపెనీని అడుగుతుంది: ఈ మనిషి మీవాడేనా, ఈయన ఖర్చు మీరు భరిస్తారా అని. అవునన్న జవాబు వస్తేనే గీతలు కనిపిస్తాయి. తర్వాత రెండు కంపెనీలూ పద్దు సర్దుబాటు చేసుకుంటాయి. అక్కడి కంపెనీ తన రేటు తాను వేస్తుంది, ఇక్కడి కంపెనీ దాని మీద తనది కలుపుతుంది. మధ్యలో ఉన్న మనం ఏ రేటునూ బేరమాడలేం. అదీ దాని ఖరీదుకు అసలు కారణం.

ఇంకొక చిత్రం ఉంది. మీరు అమెరికాలో కొడుకు ఇంట్లో మేడ మీద ఉన్నారనుకోండి. కింద వంటింట్లోంచి కోడలు మీ హైదరాబాదు నెంబరుకు ఫోను చేసింది. ఆ కాల్ ముందు అమెరికా నుంచి హైదరాబాదు వస్తుంది. మీరు ఇక్కడ లేరని తెలుసుకుని మళ్లీ అమెరికా వెళ్లి మేడ మీద మోగుతుంది. రెండు సముద్రయానాలు. మొదటిదానికి కోడలు, రెండోదానికి మీరు చెల్లించాలి. మేడ ఎక్కి పిలిస్తే ఉచితం.

ఈ బాధ దేశం లోపల కూడా ఉండేది. బెంగుళూరు, మద్రాసు వెళ్లినా రోమింగే. దేశంలో ఈ చార్జీలు 2017 ప్రాంతానికి దాదాపు తొలగిపోయాయి. మనకు ఒక మేలు జరిగిందని చాలామంది గమనించలేదు. 2014లో రాష్ట్రం విడిపోయినా టెలికాం వారి లెక్కలో రెండు రాష్ట్రాలూ ఒకే సర్కిలుగా ఉండిపోయాయి. బోరబండలోని పెన్షనరు విజయవాడ వెళ్తే రోమింగు పడలేదు. ఐరోపా సమాఖ్యవారు తమ దేశాల మధ్య 2017 జూన్ 15 నుంచి రోమింగు అదనపు చార్జీలను చట్టం ద్వారానే రద్దు చేశారు. కంపెనీలు దయతలచి తగ్గించినవి కావు అవి.

అమీర్‌పేట సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తి కాదు. 1990ల చివర మైత్రివనం చుట్టుపక్కల కంప్యూటరు కోర్సులు నేర్పే సంస్థలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. మా అబ్బాయి అక్కడ కోర్సు చేసి 2000 సంవత్సరంలో న్యూజెర్సీ వెళ్లాడు. నేర్పిన చోటే తల్లిదండ్రులకు మాట్లాడే చోటు కూడా వెలిసింది. ఇంటర్నెట్ ద్వారా విదేశాలకు ఫోను చేయడాన్ని ప్రభుత్వం 2002 ఏప్రిల్ 1 నుంచి అనుమతించింది. అంతకుముందు చాటుగా చేసేవారు లేకపోలేదు. నెట్ సెంటర్లలో చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని వరుసగా కూర్చున్న అరవై ఏళ్లవాళ్లం, ఎవరి పిల్లలతో వాళ్లం గట్టిగా అరుస్తూ మాట్లాడేవాళ్లం. ఒకరి ఇంటి గుట్టు అందరికీ తెలిసిపోయేది. ఫలానావారి కోడలికి పురుడు వచ్చిందని నేను ఇంటికొచ్చి చెబితే, అది నీకెట్లా తెలుసని మా ఆవిడ అడిగింది. బూతులో యాభై రూపాయలైన నిమిషం అక్కడ అయిదారు రూపాయలకు దిగింది.

అటు పిల్లలు కాలింగ్ కార్డులు కొనేవారు. కార్డు మీద రాసినన్ని నిమిషాలు ఏనాడూ రాలేదని మావాడు చెప్పేవాడు. 2003లో స్కైప్ వచ్చింది. 2009లో వోనేజ్ అనే కంపెనీ నెలకు పాతిక డాలర్ల లోపు ఇండియాకు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చనేసరికి అమెరికాలోని తెలుగు ఇళ్లల్లో అది చాలామంది పెట్టించుకున్నారు. వాట్సాప్‌లో 2015లో మాట, 2016 చివర బొమ్మ వచ్చాయి. ఒకప్పుడు అంత వెలుగు వెలిగిన స్కైప్‌ను 2025 మే నెలలో మూసేశారు. గల్ఫులో మాత్రం కథ వేరు. దుబాయి ఉన్న యు.ఎ.ఇ.లో వాట్సాప్ కాల్స్‌ను ఏళ్ల తరబడి అడ్డుకున్నారు. అందుకే మా తమ్ముడి కొడుకు అక్కడి నుంచి బోటిమ్ అనే దానిలో మాట్లాడతాడు, జగిత్యాలలోని తల్లిదండ్రులూ అదే పెట్టుకున్నారు.

మాట చవకైన తర్వాత ప్రమాదం డేటా రూపంలో వచ్చింది. 2011లో నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి సింగపూరు, మలేషియా యాత్రకు వెళ్లారు. కాల్స్ ఒక్కటీ చేయలేదు. ఫోను జేబులో ఉండి దాని పని అది చేసుకుపోయింది, మెయిళ్లు దించుకుంది. అప్పటి రోమింగు డేటా ఒక ఎం.బి.కి వందల రూపాయలు. తిరిగొచ్చాక నలభై వేలు దాటిన బిల్లు వచ్చింది. ఆ రోజుల్లో అది ఆయనకు రెండు నెలల పింఛను కన్నా ఎక్కువ.

ఇప్పటి మన అసలు సమస్య మాట్లాడటం కాదు, నెంబరు నిలుపుకోవడం. బ్యాంకు ఓ.టి.పి., ఆధార్, పింఛను వివరాలు అన్నీ ఆ పది అంకెలకే వేలాడుతున్నాయి. 2023లో మన సభ్యులొకరు ఎనిమిది నెలలు కూతురి దగ్గర అమెరికాలో ఉన్నారు. అక్కడ కొత్త నెంబరు తీసుకున్నారు గదా అని ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ బల్లసొరుగులో పడేశారు. గడువు దాటింది, నెంబరు రద్దయింది, కొన్నాళ్లకు మరొకరికి కేటాయించారు. ఆయన ఖాతా సందేశాలు పరాయివాడి ఫోనుకు పోవడం మొదలయింది. పాస్‌పోర్టుతో స్వయంగా బ్యాంకుకు వచ్చేదాకా నెంబరు మార్చలేమన్నారు. ఆ మధ్యలో భార్య ఆసుపత్రి ఖర్చుకు తన డబ్బు తాను పంపుకోలేకపోయారు, అల్లుడిని అడగవలసి వచ్చింది. ఆ అడగడమే తనకు ఎక్కువ బాధ కలిగించిందని నాతో అన్నారు.

ట్రాయ్ 2013లో చేసిన నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నెంబరు వాడకుండా తొంభై రోజులు దాటితేనే రద్దు చేయాలి. ఖాతాలో ఇరవై రూపాయలుంటే దానిని మినహాయించుకుని మరో నెల పొడిగించే సదుపాయం కూడా అందులో ఉంది. అయితే దాని మీద ఆధారపడి కూర్చోకుండా, ఉండే కాలానికంతటికీ సరిపడా రీచార్జి ఇక్కడే చేయించడం మేలు. ఇంటర్నేషనల్ రోమింగు సదుపాయాన్ని బయలుదేరేముందే తెరిపించాలి, డేటా రోమింగును మాత్రం ఫోనులో మూసి ఉంచాలి. రోమింగులో వచ్చే ఎస్.ఎం.ఎస్.లకు మన కంపెనీలు సాధారణంగా డబ్బు తీసుకోవు గనుక ఓ.టి.పి. ఉచితంగానే వస్తుంది. కాల్ మోగితే మాత్రం ఎత్తవద్దు, వాట్సాప్‌లో తిరిగి చేయండి. విమానంలోను, ఓడలోను ఫోనును ఫ్లైట్ మోడులో పెట్టకపోతే అది ఉపగ్రహపు నెట్‌వర్కును పట్టుకుంటుంది, దాని రేట్లు మామూలు రోమింగు కన్నా చాలా ఎక్కువ.

వాడకానికి అక్కడి సిమ్ ఒకటి రెండో అరలో వేసుకోవచ్చు. లేదా ఈ-సిమ్. ఇది చిప్పు ముక్క కాదు, ఫోనులోకే దించుకునే అనుమతి పత్రం, అంటే కాగితం లేని ఎల్.పి.సి. అనుకోండి. కొత్త నెంబరు వేయగానే, వాట్సాప్ నెంబరు మారుస్తారా అని ఫోను అడుగుతుంది, వద్దనాలి. పాత నెంబరు మీదే అది నడుస్తుంది. మీట నొక్కే పాత ఫోను అమెరికాకు తీసుకెళ్లి ప్రయోజనం లేదు. అక్కడి పెద్ద కంపెనీలు మూడూ 2022లోనే 3జి మూసేశాయి, 4జి మీద మాట్లాడగల ఫోను ఉండాలి. ఇంకొకటి, పిల్లలు ప్రేమతో కొనిచ్చే ఫోన్లతో వచ్చే చిక్కు. అమెరికాలో అమ్మే ఐఫోన్లలో 2022 నాటి 14వ రకం నుంచి సిమ్ పెట్టే అర లేదు. ఇక్కడి సిమ్ ముక్క దానిలో పెట్టడానికి చోటే ఉండదు. మన నెంబరును ఈ-సిమ్‌గా మార్పించే పని ఇక్కడ ఉన్నప్పుడే ముగించాలి. ఆ మార్పుకు కావలసిన సందేశం కూడా పాత సిమ్‌కే వస్తుంది.

ప్రయాణం ఉన్న సభ్యులు సంఘం కార్యాలయానికి ఫోనుతో వస్తే ఈ సెట్టింగులు చూసి పెడుతున్నాం. దంపతులు ఇద్దరి ఫోన్లూ తీసుకురావాలి. ఆయన ఫోనుకు అన్నీ చేయించుకుని, ఆవిడ ఫోను సంగతి విమానంలో గుర్తుచేసుకుంటున్నారు. ఫ్యామిలీ పింఛను వచ్చే రోజున అవసరపడేది ఆవిడ నెంబరే.